ఆ శనివారం నా వేళ్ళ కింద కొట్టుకున్న నాడి

దెయ్యం, ఆత్మ, గాలి సోకడం లాంటి మాటలు మా ఇంట్లో చెల్లేవి కావు. చనిపోయినవాళ్ళు ప్రభువు పిలిచేదాకా నిద్రలో ఉంటారని మా సంఘంలో చిన్నప్పటినుంచీ చెప్పారు, నేనూ అదే పట్టుకున్నాను. కలకత్తా మెటియాబ్రుజ్‌లో మా వాడవాళ్ళు ఎవరైనా ఫలానా చోట ఏదో చూశామని వస్తే, "రాత్రి ఏటి తిన్నావు?" అని అడిగి నవ్వేదాన్ని. ఇప్పుడు మాత్రం నమ్ముతున్నానా అంటే ఆ మాటా చెప్పలేను. జరిగింది జరిగినట్టు రాస్తాను.

నేను నాలుగో తరగతి దాకా చదివాను. తెలుగు చదవడం, రాయడం వచ్చు. నా కూతురు ఎస్తేరు ఇంట్లో తెలుగు మాట్లాడుతుంది గానీ అక్షరాలు రావు, అది చదువుకున్నది బంగ్లాలో. అందుకే ఇది ధైర్యంగా రాస్తున్నాను. దానికి ఇప్పటిదాకా చెప్పని మాట ఒకటి ఇందులో ఉంది.

మా ఆయన పేరు దానియేలు. మా ఇద్దరి పెద్దవాళ్ళదీ శ్రీకాకుళం వైపు. ఆయన ఖిదిర్‌పూర్ డాక్‌లో ఓడలనుంచి బస్తాలు దింపే పని చేసి, నడుం వంగాక మానేశారు. మూడేళ్ళ కింద ఒకరోజు అన్నం ముందు కూర్చుని, గుండెమీద చెయ్యి వేసుకుని, "లోపల పిట్ట దూరినట్టుందే" అన్నారు. నేను చెయ్యి పెట్టి చూశాను. నిజంగా పిట్టే. ఎగురుతుంది, ఆగుతుంది, మళ్ళీ ఎగురుతుంది.

పెద్దాసుపత్రిలో కాగితం మీద గీతలు తీసి చూపించారు. గుండెలో పై గదులు కొట్టుకోవడం మానేసి వణుకుతున్నాయట. వణికే చోట నెత్తురు గడ్డ కడుతుందట, ఆ గడ్డ తలకెక్కితే పక్షవాతమట. రక్తం పలచబడడానికి ఒక మాత్ర ఇచ్చారు. ఒంట్లో నీరు లాగడానికి ఇంకొకటి. మూడోది చిన్న తెల్లటి మాత్ర, గుండె పరుగు తగ్గించేది. దాని పేరు డిగాక్సిన్. వారంలో ఐదు రోజులే వేయాలి, గురువారం, ఆదివారం వేయకూడదు.

ఆ చిన్న మాత్ర గురించి నర్సు దీదీ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని చెప్పింది. ఇది మోతాదులో ఉంటే మందు, కాస్త ఎక్కువైతే విషం. వేసే ముందు రోజూ నాడి లెక్కపెట్టాలి. బొటనవేలితో కాదు, బొటనవేలికి దాని సొంత నాడి ఉంటుంది, నీదే నీకు తగులుతుంది. చూపుడువేలు, నడిమివేలు పెట్టి, గోడ గడియారంలో ముల్లు ఒక చుట్టు పూర్తిగా తిరిగేదాకా లెక్కపెట్టాలి. అరవైకి తగ్గితే మాత్ర వేయకుండా తీసుకురావాలి. వాంతులైనా, తల తిరిగినా, కంటికి రంగులు మారి కనిపించినా తీసుకురావాలి.

ఇవన్నీ ఆమె ఒక్కసారే చెప్పింది. నాకు ఒక్కసారి చాలు. మా వాడలో ఎవరి పిల్ల ఏ రోజు పుట్టిందో నన్నే అడుగుతారు. అందుకే మర్చిపోయానని చెప్పుకునే వీలు నాకు లేదు.

అలా మూడేళ్ళు ప్రతి ఉదయం ఆయన మంచం పక్కన కూర్చుని లెక్కపెట్టాను. మా అమ్మ ధాన్యం కొలిచేటప్పుడు ఒకటి అనేది కాదు, మొదటి కుంచానికి "లాభం" అనేది. నాకూ అదే అలవాటు. లాభం, రెండు, మూడు అనుకుంటూ పోయేదాన్ని. ఆయన కళ్ళు మూసుకునే నవ్వేవారు.

"డాక్‌లో బస్తాలు లెక్కెట్టే బాబుకి కూడా ఇంత నిదానం నేదే. ఏటి, ఓడ నిండిందా?"

"కదలకు మావా, లెక్క తప్పిపోతాది."

"తప్పితే మళ్ళీ మొదలెట్టు. నానెక్కడికి ఎల్తాను?"

ఎంత వచ్చిందో ఎస్తేరు పాత నోట్‌బుక్కులో పెన్సిలుతో వేసేదాన్ని. డెబ్బై ఎనిమిది, తొంభై, డెబ్బై నాలుగు. అంకె ఎంతైనా నడక ఎప్పుడూ సరిగా ఉండేది కాదు. మా గది కింద కుట్టుపని చేసే కార్ఖానా ఉంది. పని కొత్తగా నేర్చుకునేవాళ్ళు మిషను నడిపితే ఎలా ఉంటుందో ఆయన నాడి అలా ఉండేది. నాలుగు కుట్లు గబగబా, ఒక ఆగుడు, రెండు కుట్లు, మళ్ళీ ఆగుడు.

ఈ ఏడాది శ్రమల దినాలు వచ్చాయి. గుడ్ ఫ్రైడేకి ముందు నలభై రోజులు మా సంఘంలో ఉపవాసాలుంటారు. ఆయన కూడా పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఏమీ తిననని కూర్చున్నారు. వద్దని చెప్పాను.

"మాత్ర మానేత్తానన్నానేటి? మెతుకే కదా మానేసింది. ఈ గుండెని ప్రభువు ఒక్కపాలి ముట్టుకుంటే నీకు కూడా రోజూ ఈ లెక్కలు తప్పుతాయి."

నాకోసమని చెబితే నేనేమంటాను? ఒప్పుకున్నాను. మూడో వారానికి సాయంత్రం పెట్టిన అన్నం కూడా సయించడం మానేసింది. రెండుసార్లు వాంతి అయింది. ఉపవాసంలో కడుపు ఎండి అలా అవుతుందిలే అనుకున్నాను. నీరు లాగే మాత్రా, చిన్న తెల్ల మాత్రా మాత్రం తప్పకుండా వేశాను.

ఒక బుధవారం సాయంత్రం ఆయన ట్యూబ్‌లైటు వైపు చాలాసేపు చూసి నన్ను పిలిచారు.

"ఓలే, ఈ లైటు సుట్టూ పసుపుగా అగుపిస్తంది. నీకూ అలగే ఉందా?"

"తెల్లగానే ఉంది మావా."

"నీ మొకమూ పసుపే. అన్నమూ పసుపే. పసుపు నీళ్ళలోంచి సూసినట్టుంది."

పచ్చకామెర్లేమోనని కళ్ళు విప్పి చూశాను. కళ్ళు తెల్లగా ఉన్నాయి. నర్సు దీదీ చెప్పిన మాట ఆ క్షణంలోనే గుర్తొచ్చింది. పొద్దున్నే తీసుకెళ్ళాలి అనుకున్నాను. ఆ రాత్రి అనుకున్నది నిజం.

గురువారం మాత్ర లేని రోజు. అయినా అలవాటుకొద్దీ చెయ్యి పట్టుకున్నాను. మొదట నా వేళ్ళే మొద్దుబారాయనుకున్నాను. నాడి ఒకే వరసలో కొడుతోంది. ఆగుడు లేదు, ఉరుకుడు లేదు. అరవై నాలుగు. మూడేళ్ళలో ఎప్పుడూ లేని నడక. రెండోసారి లెక్కపెట్టాను, మూడోసారి పెట్టాను. అదే అరవై నాలుగు, అదే వరస.

"మావా, నీ గుండె దారిలో పడిపోయింది" అని ఏడ్చేశాను.

అదే సమయానికి మార్తమ్మ వచ్చింది. మా పక్క గదిలోనే ఉంటుంది, మా స్త్రీల ప్రార్థన కూడికకు పెద్ద. నాడి సంగతి, పసుపు సంగతి రెండూ విని గుమ్మంలోనే మోకరించింది.

"వొదినా, ఇది రోగం కాదు. మహిమ. అన్నయ్యకి ప్రభువు మహిమ అగుపిస్తంది. నలభై దినాలు ఊరికే పోతాయేటి?"

ఆయన మంచంమీదనుంచే అన్నారు: "మహిమైతే నీ మొకమ్మీద కూడా ఎందుకుంది మార్తమ్మా? నిన్న కుళాయికాడ నువ్వు తిట్టిన తిట్లు నాకిక్కడికి ఇనిపించేయి."

మార్తమ్మ కూడా నవ్వింది. కానీ మార్తమ్మ వెళ్ళాక ఆయన నవ్వలేదు. గోడ వైపు తిరిగి, "నిజమేనంటావేటే?" అని మెల్లగా అడిగారు. డాక్‌లో ఎన్నో పడ్డ మనిషి, చిన్నపిల్లాడిలా అడిగారు. నేను నిజమే అన్నాను.

సాయంత్రం ఎస్తేరు పనినుంచి వచ్చి అంతా విని నా దగ్గరికొచ్చింది.

"అమ్మా, రంగులు ఇలగ అగుపిస్తే ఆసుపత్రిలో సెప్పొద్దా? నర్సు దీదీ దీని గురించి ఏటైనా అన్నాదా?"

"ఏటీ అన్లేదు" అన్నాను.

దానికి చెప్పని మాట ఇదే. నేను అబద్ధం ఆడాను. ఎందుకంటే తీసుకెళితే వాళ్ళు సూదులు పొడిచి, గీతలు తీసి, ఇది మహిమ కాదు జబ్బే అంటారు. మూడేళ్ళు అడిగి అడిగి తెచ్చుకున్నది ఒక్క పూటలో తీసేసుకుంటారు. ఆ వరస నాడిని ఇంకో రెండు రోజులు నా దగ్గర ఉంచుకోవాలనిపించింది.

శుక్రవారం పొద్దున కూడా అరవై నాలుగే. మాత్ర వేశాను. సాయంత్రం మా గదిలోనే కూడిక పెట్టారు. ప్రభువు ఆయన గుండె బాగుచేశాడని నేను లేచి నిలబడి సాక్ష్యం చెప్పాను. ఆయన దిండుకి ఆనుకుని కూర్చుని అందరి ముఖాలూ ఒక్కొక్కటే చూశారు. అందరికీ దీపాలు పెట్టినట్టుందన్నారు.

శనివారం తెల్లవారగానే లేచాను. ఆరుకి కార్పొరేషన్ కుళాయి వస్తుంది, అంతకు ముందే టీ పెట్టి ఆయన దగ్గర కూర్చున్నాను. ఎస్తేరు తెర అవతల పడుకుని ఉంది. కిటికీలోంచి వెలుతురు బాగానే వస్తోంది, గడియారం ముల్లు కనిపిస్తోంది. ఆయన వెల్లకిలా, కళ్ళు మూసుకుని ఉన్నారు.

చెయ్యి చల్లగా ఉంది. రాత్రంతా ఫ్యాను తిరిగింది కదా అనుకున్నాను. రెండు వేళ్ళు పెట్టాను, బొటనవేలు కాదు. నాడి తగిలింది. లాభం, రెండు, మూడు. ఒక్కటి కూడా తడబడలేదు. ముల్లు చుట్టు తిరిగేసరికి అరవై ఆరు. నోట్‌బుక్కులో వేశాను.

"మావా, మాత్ర" అన్నాను. నోరు తెరిచారు. నాలుకమీద మాత్ర పెట్టి, ఎడమచేత్తో తల ఎత్తి గ్లాసు పట్టాను. రెండు గుక్కలు తాగారు. గొంతు కదలడం చూశాను. తల దిండుమీద పెడుతుంటే కళ్ళు తెరవకుండానే, "ఎల్లు, నీళ్ళు ఆగిపోతాయి" అన్నారు.

బకెట్లు తీసుకుని వెళ్ళాను. వరసలో మార్తమ్మ నా వెనకే ఉంది. "అరవై ఆరు" అని చెప్పాను. నా ముఖం పెళ్ళికూతురి ముఖంలా ఉందని ఆ తర్వాత మార్తమ్మే అంది. రెండు బకెట్లు నింపుకుని రావడానికి అరగంట కూడా పట్టలేదు.

నేను మెట్లమీద ఉండగానే ఎస్తేరు అరిచింది. "అమ్మా! నాన్న బిగిసిపోనాడు!"

మా వీధి చివర ఉండే డాక్టరుబాబు పది నిమిషాల్లో వచ్చాడు. ఆయన్ని చాలాకాలంగా ఎరిగినవాడు. చెయ్యి ఎత్తబోయాడు, చెయ్యి వంగలేదు. దవడ పట్టి చూశాడు, కదల్లేదు. పక్కకి తిప్పి వీపు చూశాడు, నల్లగా కమిలినట్టుంది. గడియారం చూశాడు.

"మాసీమా, నాలుగైదు గంటలు దాటింది. నిద్రలోనే వెళ్ళిపోయారు" అన్నాడు బంగ్లాలో.

"ఇప్పుడే మాత్ర వేశాను బాబూ. అరగంట కూడా కాలేదు. నాతో మాట్లాడారు" అన్నాను.

డాక్టరుబాబు నాతో వాదించలేదు. ఎస్తేరు వైపు చూశాడు. ఆ తర్వాత చాలా మెత్తగా, ఇలాంటప్పుడు మన నాడే మన వేళ్ళకు తగులుతుంది, అది సహజం అన్నాడు.

చూసినవి చూసినట్టు చెబుతాను. మాత్రల పట్టీలో శనివారంది ఖాళీగా ఉంది. గ్లాసులో నీళ్ళు సగానికి తగ్గి ఉన్నాయి. దిండు పొడిగా ఉంది, చుక్క కారిన తడి లేదు. స్నానం చేయించినప్పుడు పక్కబట్టలన్నీ దులిపారు, మాత్ర ఎక్కడా దొరకలేదు. నోట్లో ఉందా అంటే ఆ దవడ ఎవరికీ తెరుచుకోలేదు. మరి నేనెలా తెరిపించాను? నోట్‌బుక్కులో అరవై ఆరు ఉంది, నా రాతే.

ఇంకొకటి. సమాధి అయ్యాక ఎస్తేరు చెప్పింది. నాలుగింటికి బాత్‌రూముకి లేచినప్పుడు నాన్న కాళ్ళు తగిలాయట, చల్లగా ఉన్నాయని దుప్పటి కప్పి పడుకుందట. "అప్పుడే లేపి సూడాల్సింది అమ్మా" అని ఏడ్చింది. దాని తల నా ఒళ్ళో పెట్టుకుని, నీ తప్పేమీ లేదని చెప్పాను. అది మాత్రం అబద్ధం కాదు.

కొన్ని వారాల తర్వాత మిగిలిన మాత్రలూ, నోట్‌బుక్కూ పట్టుకుని పెద్దాసుపత్రికి ఒక్కదాన్నే వెళ్ళాను. మాత్రలు ఇంకెవరికైనా పనికొస్తాయని బయటికి చెప్పుకున్నాను. అసలు సంగతి, ఎవరో ఒకరికి చెప్పాలి. గుండె విభాగంలో ఒక చిన్న వయసు డాక్టరమ్మ ఉంది, ఎస్తేరు కంటే రెండు మూడేళ్ళు పెద్దదేమో. నోట్‌బుక్కు ఒక్కో పేజీ తిప్పి చూసింది. చివరి పేజీ దగ్గర ఆగి, ఈ రోజుల్లో నాడి ఎలా ఉందని అడిగింది.

"సరిగా ఉంది. వరసగా. మూడేళ్ళలో మొదటిసారి" అన్నాను.

ఆమె కుర్చీ నా దగ్గరికి జరుపుకుంది. ఆ తర్వాత నాకు అర్థమయ్యేటట్టు హిందీలో, బంగ్లాలో కలిపి చెప్పింది. ఈ జబ్బు ఉన్నవాళ్ళకి ఈ మాత్రమీద ఉండగా నాడి ఉన్నట్టుండి వరసలోకి వచ్చిందంటే నయమైందని కాదట. పై గదికీ కింద గదికీ మాట తెగిపోయి, కింద గది ఒక్కతే కొట్టుకుంటోందని అర్థమట. తిండి తగ్గి, నీళ్ళు తగ్గి, వాంతులై, ఒంట్లో ఉప్పులు పోతే రోజూ వేసే మాత్రే విషమవుతుందట.

"కంటికి పసుపుగా ఏమైనా కనిపించిందా?"

"కనిపించింది."

"నర్సు చెప్పలేదా మాసీమా, రంగులు మారితే రమ్మని?"

చెప్పలేదనవచ్చు. అక్కడ నా అబద్ధం పట్టుకునేవాళ్ళు లేరు. "చెప్పింది" అన్నాను. ఆమె పెన్ను కింద పెట్టేసింది.

నేనే అడిగాను. "శనివారం ఆరింటికి తీసుకొచ్చి ఉంటే?"

"బతికి ఉండగా వస్తే చాలామందిని నిలబెడతాం. మందు ఆపేస్తాం, గుండెకి తీగ వేసి నడిపిస్తాం" అంటూ నా ముఖం చూసి ఆగిపోయింది. గబగబా నా చెయ్యి పట్టుకుంది. "కానీ మీ డాక్టరుబాబు చెప్పింది చూస్తే ఆరింటికి ఆయన లేరు కదా. ఆ ఉదయం మీరు చేయగలిగింది ఏమీ లేదు. అది మోయకండి."

"మరి ఇది?" అని అరవై ఆరుమీద వేలు పెట్టాను.

ఆమె పట్టుకున్న నా చేతినే తిప్పి, రెండు వేళ్ళు పెట్టి, తన గడియారం చూస్తూ లెక్కపెట్టింది. తొంభై రెండు. మంచినీళ్ళు తాగించి, కాసేపు కూర్చోబెట్టి మళ్ళీ చూసింది. ఎనభై ఎనిమిది. ఎప్పుడూ ఇంతేనా అని అడిగింది. ఆ రోజు దాకా నా నాడి ఎవరూ చూడలేదు, నేనూ చూసుకోలేదు. ఆ తర్వాతనుంచి పొద్దున లేవగానే చూసుకుంటున్నాను. ఎనభైకి ఎన్నడూ తగ్గలేదు.

బుధవారంనుంచి శుక్రవారం దాకా నేను చేసిన తప్పు నాకు తెలుసు. దానికి వేరే లెక్క వెతకడం లేదు. శనివారం ఉదయం ఒక్కటే నాకు తేలడం లేదు.

దెయ్యాలూ ఆత్మలూ లేవంటే, ఆరింటికి నా వేళ్ళ కింద కొట్టుకున్నది ఆయన నాడే. ఆయన బతికే ఉన్నారు. టాక్సీ పిలిస్తే ఆసుపత్రి పావుగంట. నేను మాత్ర నోట్లో పెట్టి, బకెట్లు పట్టుకుని వెళ్ళిపోయాను.

డాక్టరుబాబు చెప్పిందే నిజమైతే, ఆ ఉదయం నేను ఆయన్ని వదిలి వెళ్ళలేదు. ఆయనే ముందు వెళ్ళిపోయారు. అప్పుడు నీళ్ళు తాగింది ఎవరో, నన్ను వెళ్ళమన్నది ఎవరో, నేను నమ్మిన దేనిలోనూ దానికి చోటు లేదు.

ఒకటి నిజమైతే నా భర్తను నేను పోగొట్టుకున్నట్టు. రెండోది నిజమైతే చిన్నప్పటినుంచీ పట్టుకున్నది పోగొట్టుకున్నట్టు.

ఇప్పుడూ శుక్రవారం కూడికకు వెళతాను. అందరితోపాటు మోకరిస్తాను. మొన్న మార్తమ్మ పక్కనుంచి మెల్లగా, "ఏటి వొదినా, పెదాలు కదపవు? అడుగు, ఇస్తాడు" అంది.

ఏది నిజం చేయమని అడగను?